కల్లంలో కారవాన్

మా ఆయన వాసిం బెంగళూరులో కారవాన్ డ్రైవరు. కారవాన్ అంటే మినీ బస్సంత బండిలో మంచాలు, పొయ్యి, బాత్‌రూమ్ పెట్టించి, ఇల్లు వెంటేసుకుని తిరిగే ఏర్పాటు. అద్దెకు తీసుకున్నవాళ్లను అడవులకూ సముద్రాలకూ తిప్పుకొస్తాడు. వాళ్లు నీళ్ల ఒడ్డున కుర్చీలేసుకుని కాఫీ తాగుతుంటే ఈయన బండి వెనక తువ్వాలు పరుచుకుని పడుకుంటాడు. ఎప్పుడో ఒకసారి ఇంటికొస్తే రెండు రోజులుంటాడు. ఒకరోజు నిద్రకు సరిపోతుంది, ఇంకోరోజు తిరుగు ప్రయాణానికి. మా పెళ్లయి పన్నెండేళ్లు. అందులో కలిసి కాపురం చేసింది ఎంతో లెక్కేస్తే ఏడుపొస్తుందని లెక్కేయను. మా అత్త జహీరున్నీసా దగ్గర ఆ మాటెత్తితే, "నా మొగుడు లారీ మీద పోతే ఆర్నెల్లకు గానీ వచ్చేవాడు కాదు. నేను బతకలా?" అంటుంది. బతికింది, కాదనను. అయితే నేనూ అట్లాగే బతకాలా?

కనిగిరి దాటి లోపలికొస్తే మా ఊరు. ఊరి చెరువుకు ఆనుకుని మాకు కాస్త పొలం ఉంది, మిర్చి వేస్తాం. మా అమ్మాయి మెహర్ ఒంగోలులో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఇంట్లో నేను, అత్త. ఈసారి వాసిం దసరాకు వచ్చి వెంటనే వెళ్లలేదు. అరుగు మీద కూర్చుని చెరువు వంక చూస్తూ, "ఇన్నాళ్లూ జనాన్ని తిప్పిన చోట్లన్నీ చూశాను నస్రత్. మన చెరువును మించిందేం లేదు. ఇక్కడే బండ్లు ఆగేట్టు చేస్తే?" అన్నాడు. నాకు పట్టరాని సంతోషం వేసింది. పైకి మాత్రం, "చెయ్యి, నేనేమన్నా వద్దన్నానా" అన్నాను.

సెలవు పొడిగించుకుని చెప్పినట్టే చేశాడు. రెండు బాత్‌రూములు కట్టాడు. కరెంటు లాగాడు. కుళాయి పెట్టాడు. మంగళగిరి, గుంటూరు వైపు తొమ్మిది కుటుంబాలు కలిసి ఏటా డిసెంబరులో కారవాన్లూ, గుడారాలు కట్టుకునే కార్లూ వేసుకుని ఎక్కడికైనా వెళ్తారట. వాళ్లకు పెద్ద రామచంద్రమూర్తి గారని రిటైరైన లెక్చరరు. ఒకసారి వాసిం బండిలో తిరిగి, ఆ సరదా తలకెక్కి, సొంతంగా కారవాన్ కొనుక్కున్నాడు. ఈ ఏడు ఎక్కడ దిగాలో తేల్చడానికి మూడు చోట్లు చూస్తున్నామని, మూడోది మాదేనని, శనివారం వచ్చి ఒక పూట ఉండి చూస్తామని ఆయన ఫోన్ చేశాడు.

వాసిం నాకూ అత్తకూ ఒకే మాట చెప్పాడు. వాళ్లు మన చోటు తీసుకుంటే ఇంకో నలుగురు వస్తారు, నేను బెంగళూరు మానేసి ఇక్కడే ఉంటాను. తీసుకోకపోతే సోమవారం బస్సెక్కుతాను, చెరువు పక్క పొలం చెక్క కౌలుకిచ్చేద్దాం. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు ముద్ద దిగలేదు.

బండి ఎక్కడ నిలపాలి అనే దాని మీద మాకు అనుమానమే రాలేదు. కల్లంలోనే. కల్లం అంటే కోసిన మిరపకాయలు ఎండబోసే చోటు. రాళ్లు ఏరి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టి, పేడతో అలుకుతాం. లారీ నిలిపినా నేల దిగదు. మా వైపు పెళ్లి టెంటు వేసినా, మీటింగు పెట్టినా, గొప్పింటి చుట్టాల కారొచ్చినా కల్లంలోనే. ఇంట్లో మంచి మంచం అతిథికి వేసినట్టన్నమాట. కాయ కోతకు రావడానికి ఇంకా చాలా రోజులున్నాయి కాబట్టి ఖాళీగానే ఉంది. నేను రెండుసార్లు ఊడ్చి, చిక్కగా పేడనీళ్లు కొట్టి అలికాను. వచ్చేవాళ్లు పూజలూ అవీ ఉన్నవాళ్లు, ముగ్గు కూడా పెట్టమంది అత్త. పెట్టాను. ఒక్క ఎర్రటి కాయ ముక్క కూడా కనబడకుండా కల్లం మెరిసిపోయింది.

శనివారం మధ్యాహ్నం మూర్తిగారు తనే నడుపుకుంటూ వచ్చాడు. ఊరి మొదట్లో మొదలుపెట్టిన హారన్ మా ఇంటిదాకా ఆపలేదు. ఆయన భార్య జ్ఞానప్రసూనాంబ గారు హెడ్‌మాస్టరుగా చేసి రిటైరైందట. బండి దిగి నమస్కారం పెట్టి, నేరుగా వెళ్లి బాత్‌రూమ్ తలుపులు గడియ పడుతున్నాయో లేదో లాగి చూసింది. కుళాయి తిప్పి నీళ్లు దోసిట్లో పట్టి చూసింది. ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో నాకప్పుడే అర్థమైంది. వాళ్ల వెంట మనవరాలు అన్విత, రెండో తరగతి పిల్ల, వచ్చింది.

వాసిం బండిని కల్లం మధ్యలో పెట్టించాడు. బండికి ముందు చాపే గుడ్డ పందిరి కోసం నాలుగు వైపులా ఇనుప మేకులు నేలలో దిగ్గొట్టాడు. గిన్నెలు కడిగిన నీళ్లు పోవడానికి పలుగుతో చిన్న కాలవ తవ్వాడు. మూర్తిగారు ఏసీ వేశాడు. దాని గాలి బండి కిందకు కొడుతోంది. అందరం పందిరి కింద కుర్చీల్లో కూర్చున్నాం. చెరువు నిండుగా ఉంది, ఎండ కూడా హాయిగా ఉంది. ఇంకేం కావాలి వీళ్లకి అనుకున్నాను.

మూర్తిగారు తుమ్మాడు. అది మామూలు తుమ్ము కాదు, చెరువులో కొంగలు లేచాయి. తర్వాత అమ్మగారు దగ్గడం మొదలుపెట్టింది. కొంగు అడ్డం పెట్టుకుని, "ప్రయాణం కదమ్మా, ఏం లేదు" అంది. మూర్తిగారు, "ఏసీ పడినట్టు లేదు" అని ఏసీ తీసేసి ఫ్యాన్ వేశాడు. ఇంకా ఎక్కువైంది. వాళ్లేమో మర్యాదస్థులు, మా చోటుకు వంక పెట్టరు. మేమా, ముగ్గురం నిక్షేపంగా కూర్చుని వాళ్ల వంక జాలిగా చూస్తున్నాం. పట్నం మనుషులు, ఇంత సుకుమారమైతే చెరువు గట్టున ఎట్లా ఉంటార్రా దేవుడా అని లోపల్లోపల విసుక్కున్నాను కూడా.

"చెరువు గాలి పడలా. రొంప పట్టింది" అని తేల్చింది మా అత్త. "నస్రత్, మిరియాల కషాయం పెట్టు. శొంఠి కూడా దంచి వెయ్యి."

పెట్టాను. మా ఇంటి గ్లాసులో తాగుతుందో లేదో అని నేను మొహమాటపడుతుంటే, అమ్మగారు గ్లాసు అందుకుని ఊదుకుంటూ మొత్తం తాగేసి, "బాగుందమ్మా, ఇంకొంచెం ఉందా?" అంది. నాకావిడ మీద గౌరవం పెరిగింది. ఆవిడకు దగ్గూ పెరిగింది. అప్పుడు అత్త ఊరుకుందా? నిప్పులు తెచ్చి, సాంబ్రాణి వేసి, బండిలోపలంతా పొగ పట్టించింది. అటు పొగ, ఇటు దగ్గు. మూర్తిగారి ముక్కు పండులా ఎర్రబడింది. వాసిం మొహం చూశాను, పాలిపోయి ఉంది.

ఇంతలో అన్విత నా దగ్గరికొచ్చింది. అప్పటిదాకా వాసిం తవ్విన కాలవ పక్కన కూర్చుని మట్టి ముద్దలు చేసుకుంటోంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, పెదాలు చప్పరిస్తోంది.

"ఆంటీ, మీ నేల కారంగా ఉంది."

నేను లేచి వెళ్లి, మేకు దిగిన చోట పెళ్ల ఒకటి తీసి వాసన చూశాను. నాకేం తెలియలేదు. కొంచెం నాలిక మీద వేసుకున్నాను. కారం.

వాసిం తాత కాలం నుంచీ అదే కల్లం. ఏటా ఎండబోసిన కాయల్లో రాలిన గింజలూ, పగిలిన తొక్కలూ కాళ్ల కింద నలిగి, వాటి మీద పేడ, ఆ మీద మళ్లీ కారం, మళ్లీ పేడ. పైన అలికినంత సేపూ కిందది కిందే ఉంది. మేకులు కొట్టి, కాలవ తవ్వి, ఏసీ గాలి కొట్టేసరికి పైకి లేచింది. కాయలు రాసులు పోసినప్పటి ఘాటుకు మేమూ దగ్గుతాం గానీ, దాని ముందు ఈ పాత ఘాటు మాకు ఘాటే కాదు. ఏరికోరి చుట్టాల్ని కారం డబ్బాలో దింపి, పైగా మిరియాలు తాగించి, పొగ వేశాం.

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు.

"పర్లేదమ్మా, మీరేం బాధపడకండి" అన్నాడు మూర్తిగారు ముక్కు తుడుచుకుంటూ. "ఈ పూటకి కనిగిరి వెళ్లి లాడ్జిలో ఉంటాం. చోటు చాలా బాగుంది. ఇంటికెళ్లాక మావాళ్లతో మాట్లాడి ఫోన్ చేస్తాం."

పెళ్లిచూపులకొచ్చిన ఏ మగపెళ్లివారైనా లేచేటప్పుడు చెప్పే మాట అది. దానర్థం నాకు తెలుసు, వాసింకూ తెలుసు. ఆయన వెళ్లి మేకులు ఊడబీకడం మొదలుపెట్టాడు. ఆ వంగిన వీపు చూస్తేనే తెలిసింది. మనిషి ఇక్కడ ఉన్నాడు గానీ అప్పుడే సోమవారం బస్సెక్కి కూర్చున్నాడు. నాకు బాధ వస్తే కోపంలాగే బయటికొస్తుంది.

"ఒక్క గంట ఆగండమ్మగారూ" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినబడింది. "కల్లం మా తెలివితక్కువ. చెరువు తూర్పు రేవు చూడకుండా మిమ్మల్ని పోనివ్వను."

"రేవా?" అన్నాడు వాసిం.

కోతలప్పుడు మధ్యాహ్నమయ్యేసరికి చేతులు భగ్గున మండుతాయి, ముక్కులు కారతాయి. అప్పుడు కోతకొచ్చిన ఆడవాళ్లమంతా క్యారియర్లు తీసుకుని మా పొలం చివరున్న ఆ తూర్పు రేవుకు పోతాం. ఒండ్రు మట్టితో చేతులు తోముకుని, మొహం కడుక్కుని, వేపచెట్ల కింద కూర్చుని తింటాం. అక్కడ గాలి నీళ్ల మీదుగా వస్తుంది. కల్లం ఆ చివరెక్కడో ఉండిపోతుంది, దాని ఘాటు ఇటు రాదు. అన్నం తిని కాళ్లు చాపుకుంటే మళ్లీ లేవబుద్ధి కాదు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఏటా అక్కడ కూర్చుంటున్న నాకు కూడా ఇంతవరకూ తోచలేదు చూడండి. మేం అన్నాలు తినే చోటును ఒక చోటని ఎవరనుకుంటారు? చోటంటే కల్లమే అని నా బుర్రలోనూ ఉండిపోయింది.

"అక్కడంతా కంప మొలిచింది. ముల్లు దిగితే టైరు పోద్ది" అన్నాడు వాసిం.

"కంప కొట్టు. కొట్టడానికి చేతుల్లేవా?"

"నేల?"

"మందు కొట్టే డ్రమ్ములకు నీళ్లు పట్టడానికి ట్రాక్టర్లు రోజూ అటే వస్తాయి. గరుసు నేల. నువ్వెప్పుడన్నా అక్కడ కూర్చుని అన్నం తింటేగా తెలిసేది."

మూర్తిగారు భార్య వంక చూశాడు. ఆవిడ చెప్పులేసుకుంది.

రేవు దగ్గరికి వెళ్లేసరికి గాలి చల్లగా తగిలింది. వాసిం అటూ ఇటూ నడిచాడు, మడమతో నేల తవ్వి చూశాడు, చెట్ల కొమ్మలు బండికి తగులుతాయా అని చెయ్యెత్తి కొలిచాడు. మా ఆయన డ్రైవరు పని చేస్తుండగా నేనెప్పుడూ చూడలేదు. బాగుంది చూడటానికి.

"నిలబడుద్ది" అన్నాడు చివరికి. "తొమ్మిది బండ్లొచ్చినా నిలబడతాయి. కుళాయీ కరెంటూ ఇటు లాగాలి, బాత్‌రూములు ఇటు కట్టాలి. అంతే."

ఆయన కత్తి పట్టి సర్కారు తుమ్మ కంప కొడుతుంటే నేను పంగలకర్రతో లాగి కుప్పేశాను. మూర్తిగారు ఊరుకోక తనూ ఒక కొమ్మ లాగి అరచేతిలో ముల్లు గుచ్చుకున్నాడు. అమ్మగారు గాజుకున్న పిన్నీసు తీసి, ఆయన్ను గట్టు మీద కూర్చోబెట్టి, "కదలకండి. అరవై దాటాక కంప కొట్టమని ఎవరు చెప్పారు మీకు?" అంటూ ముల్లు తీసింది. ఆయన బుద్ధిగా చెయ్యి చాపుకుని కూర్చున్నాడు. వాళ్లిద్దర్నీ అలా చూస్తే నాకు అసూయ వేసింది. ఉన్నమాట చెబుతున్నాను.

పొద్దు వాలేలోపు బండి వేపచెట్ల కిందికి చేరింది. అన్విత రేవు మెట్టు మీద కూర్చుని నీళ్లలో కాళ్లు పెట్టింది. చిన్నచేపలు వేళ్లు కొరుకుతుంటే కిలకిలా నవ్వుతోంది. కాసేపటికి నాకు అనిపించింది, ఎవరూ తుమ్మడం లేదు. మూర్తిగారు కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. అమ్మగారు బండిలోంచి గిన్నె తెచ్చి, మా జొన్నరొట్టెలకు తన కందిపప్పు కలిపి అందరికీ వడ్డించింది. నేను గోంగూర తెచ్చాను.

మూర్తిగారు గోంగూర వంక అనుమానంగా చూశాడు. "ఇందులో కారం ఎక్కువుందా అమ్మా?"

"నేలలో ఉన్నంత లేదు సార్."

ఆయన పగలబడి నవ్వాడు. మా అత్తయితే ఇంక ఆపుకోలేక, మధ్యాహ్నం నుంచి దాచుకున్న నవ్వంతా నవ్వేసింది. నేను మాత్రం వాసిం వంక చూస్తున్నాను. ఆయన రొట్టె తుంచుకుంటూ చెరువు చూస్తున్నాడు. ఏమనుకుంటున్నాడో చెప్పడు. వాళ్లింకా అవునన్లేదు కదా.

ఆదివారం పొద్దున అమ్మగారు రేవు మెట్ల మీద కూర్చుని కాఫీ తాగుతూ నన్ను పక్కన కూర్చోమంది. మూర్తిగారు, వాసిం బండి టైర్లు చూస్తున్నారు. అత్త వేపపుల్లతో పళ్లు తోముకుంటోంది.

"ముందు రెండు చోట్లు చూశామమ్మా" అంది ఆవిడ. "ఒకటి తుళ్లూరు దగ్గర, ఏటి ఒడ్డున. చోటు బాగుందిగానీ కట్టడాలు జరుగుతున్నాయి, తెల్లార్లూ లారీలే. ఇంకోచోట ఈతకొలను, స్టేజీ, అన్నీ ఉన్నాయి. అర్ధరాత్రి దాకా మైకులు పెట్టి డ్యాన్సులు. మేం పోయేది కాస్త నిద్రపోదామని. రాత్రి నేను ఒళ్లు తెలియకుండా పడుకున్నాను. చిన్నదీ పడుకుంది. ఆయన గురక కూడా నాకు వినబడలేదంటే చూసుకో."

నేను ఇంకొంచెం దగ్గరికి జరిగాను.

"డిసెంబరులో ఇక్కడికే వస్తాం. మావాళ్లకు నేను చెబుతాను." ఆవిడ గొంతు పెంచి వాసింను పిలిచింది. "బాబూ, ఒక్క మాట. తొమ్మిది బండ్లు, ముసలీ ముతకా, పసిపిల్లలు. ఏ బండికి ఏమొచ్చినా చూసుకునే మనిషి ఇక్కడ ఉండాలి. ఈ అమ్మాయి ఒక్కతే అయితే కష్టం. నువ్వుంటావుగా?"

వాసిం చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. నేను ఆయన నోటివంకే చూస్తున్నాను. ఆ ఒక్క మాట కోసమే కదా ఇన్ని రోజులూ ఊడ్చిందీ, అలికిందీ, కంప లాగిందీ.

"మీరేం దిగులు పెట్టుకోకండి మేడం" అన్నాడు. "ఆ వారం సెలవు పెట్టుకుని వచ్చేస్తాను."

నాకు కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్లు మండింది. ఆయనకు భయం వేసిందని నాకు తెలుసు. డిసెంబరు అయ్యాక ఏంటి, ఎవరూ రాకపోతే ఏంటి, నెల తిరిగితే పడే జీతం వదులుకుంటే ఏంటి. అవన్నీ నాకూ తెలియక కాదు. అయినా పైవాళ్ల ముందని కూడా చూడకుండా లేచాను.

"సెలవు పెట్టుకుని రావడానికి ఇదేమన్నా చుట్టాలిల్లా?"

వాసిం తెల్లబోయాడు. "అది కాదు నస్రత్..."

"వాళ్లు ఒప్పుకుంటే ఉంటానన్నావు. ఒప్పుకున్నారు. ఇంకెవరు ఒప్పుకోవాలి? నాకు నువ్వు కావాలయ్యా. బండ్లు వస్తే వస్తాయి, రాకపోతే మిర్చి వేసుకుందాం. ఇద్దరం కలిసి రేవులో కూర్చుని అన్నం తిందాం. పన్నెండేళ్లలో నేను నిన్ను ఏదీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను."

మూర్తిగారు చెరువు వైపు తిరిగి కొంగల్ని చూడటం మొదలుపెట్టాడు. అమ్మగారు మాత్రం తల తిప్పుకోలేదు, కాఫీ గ్లాసు పట్టుకుని వాసిం వంకే చూస్తోంది, బడిలో జవాబు కోసం చూసినట్టు. మా అత్త నన్ను తిడుతుందనుకున్నాను. ఆవిడ వేపపుల్ల నోట్లోంచి తీసి, "ఒరే వాసిం, అది అడిగింది. నేనట్లా అడగలేకపోయాను మీ నాయన్ని" అంది.

వాసిం జేబులోంచి ఫోన్ తీసుకుని గట్టు ఎక్కాడు. అక్కడైతే సిగ్నల్ బాగుంటుంది. ఆ చివరిదాకా నడిచాడు, తిరిగొచ్చాడు, మళ్లీ నడిచాడు. ఏం మాట్లాడుతున్నాడో గాలికి వినబడలేదు. కిందికి దిగి నా ముందు నిలబడ్డాడు.

"ఈ వారం ట్రిప్పుకు వేరే డ్రైవర్ని చూసుకోమని మా ఓనరుకు చెప్పాను. ఇంక ఎప్పటికీ చూసుకోమన్నాను."

"ఆయనేమన్నాడు?"

"ఏమంటాడు, ఏమైంది అనడిగాడు."

"నువ్వేం చెప్పావు?"

"ఇంట్లో పనుంది, రాలేనని చెప్పాను."

మెహర్ పుట్టినరోజులకు, మా నాన్న పోయిననాడు, అత్తకు జ్వరమొచ్చినప్పుడు, అన్నిసార్లూ బెంగళూరు నుంచి ఇంటికి ఫోన్ చేసి డ్యూటీ ఉంది రాలేనన్న మనిషి. మొదటిసారి డ్యూటీకి ఫోన్ చేసి ఇంట్లో పనుందన్నాడు. నేను అందరి ముందే ఏడ్చేశాను.